ఆ భార్యల పేర్లు ఎవరూ రాయలేదు

రెండున్నర వేల ఏళ్ల కిందట ఒక చిన్న యూదు సమాజం తన ఉనికిని కాపాడుకోవడానికి ఇంట్లో ఉన్న భార్యాబిడ్డలనే బయటికి పంపాలని తీర్మానించింది. ఆ తీర్మానం ఎందుకు పుట్టింది? ఎలా నడిచింది? తర్వాతి తరాలు దాన్ని ఏం చేసుకున్నాయి?

క్రీ.పూ. 458. యూదుల పంచాంగంలో తొమ్మిదో నెల, ఇరవయ్యో రోజు. మన లెక్కలో డిసెంబరు. యెరూషలేము ఆలయం ముందున్న మైదానంలో యూదా, బెన్యామీను ప్రాంతాల మగవాళ్లంతా వానలో కూర్చుని ఉన్నారు. మూడు రోజుల్లో అందరూ రావాలనీ, రానివాడి ఆస్తి జప్తు చేసి సమాజం నుంచి వెలివేస్తామనీ ఊరూరా చాటింపు వేయించారు. అందుకే ముసురును కూడా లెక్కచేయకుండా వచ్చారు. వాళ్లు వణుకుతున్నారు. ఆ వణుకు వానవల్లా, విచారించబోయే సంగతివల్లా అని బైబిల్లోని ఎజ్రా గ్రంథం రాసింది.

ఆ సంగతి పెళ్లి. పరాయి జాతుల స్త్రీలను చేసుకున్నవాళ్లు వాళ్లను, వాళ్లకు పుట్టిన పిల్లలను పంపేయాలన్నది ప్రతిపాదన. తెలుగు బైబిలు చదివేవారికి ఎజ్రా, నెహెమ్యా కొత్తవాళ్లు కారు. కూలిన యెరూషలేము గోడను నెహెమ్యా 52 రోజుల్లో కట్టించిన కథ చాలామందికి తెలుసు. రాతిగోడ లేవకముందే మనుషుల మధ్య లేచిన గోడ కథ ఇది.

తిరిగొచ్చినవారు, ఉండిపోయినవారు

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును పడగొట్టి, ఆలయాన్ని తగలబెట్టి, యూదా పెద్ద కుటుంబాలను చెరపట్టుకుపోయాయి. అయితే ఊళ్లన్నీ ఖాళీ కాలేదు. పొలాలు దున్నేవాళ్లు, ద్రాక్షతోటలు చూసేవాళ్లు చాలామంది అక్కడే ఉండిపోయారు. చెరపోయినవాళ్లు బబులోనులో తమ పేర్లతో, వంశావళులతో, పండుగలతో బతికారు. ఇప్పటి ఇరాక్‌లో దొరికిన మట్టి పలకల్లో ‘యూదా ఊరు’ అనే అర్థం ఇచ్చే ఒక గ్రామం పేరు కనిపిస్తుంది. అక్కడి యూదులు పొలాలు కౌలుకు చేశారు, పన్నులు కట్టారు, అప్పులు తీసుకున్నారు.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచాడు. చెరలో ఉన్నవాళ్లు తిరిగి వెళ్లవచ్చన్నాడు. క్రీ.పూ. 515 నాటికి యెరూషలేములో రెండో ఆలయం పూర్తయింది. మొదటి విడతలో 42,360 మంది తిరిగొచ్చారని ఎజ్రా గ్రంథం లెక్క. పురావస్తు పరిశోధకుల అంచనాలు ఇంకా తక్కువ. పారసీకుల కాలంలో ‘యెహూద్’ అనే ఆ చిన్న మండలం మొత్తం జనాభా 12 వేల నుంచి 30 వేల మధ్య ఉండవచ్చని వాళ్లంటారు. చుట్టూ సమరయ, అష్డోదు, అమ్మోను, ఎదోము. రాజు లేడు, సైన్యం లేదు, సొంత రాజ్యం లేదు. ఉన్నదల్లా ఒక ఆలయం, ఒక ధర్మశాస్త్రం, కుటుంబాల జాబితాలు.

ఆ జాబితాల విలువ ఎంతటిదో ఒక్క ఉదాహరణ చాలు. తిరిగొచ్చిన కొన్ని యాజక కుటుంబాలు తమ వంశావళి చూపలేకపోయాయి. దాంతో వాళ్లను యాజకత్వం నుంచి పక్కన పెట్టారు. ఎవరు మనవాళ్లు, ఎవరు కారు అన్న ప్రశ్న అక్కడ రోజువారీ బతుకును నిర్ణయించేది.

చిరిగిన బట్టలతో ఎజ్రా

ఇలాంటి చోటికి ఎజ్రా వచ్చాడు. యాజకుడు, ధర్మశాస్త్రం క్షుణ్ణంగా తెలిసిన శాస్త్రి. పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి ఏడో ఏట బబులోను నుంచి బయల్దేరి నాలుగు నెలలు ప్రయాణించి చేరుకున్నాడు. ఆ రాజు మొదటి అర్తహషస్త అయితే అది క్రీ.పూ. 458. రెండో అర్తహషస్త అనుకునే పండితులు క్రీ.పూ. 398 అంటారు. ఎజ్రా దగ్గర రాజు ఇచ్చిన పత్రం ఉంది. న్యాయాధిపతులను నియమించే అధికారం, ఆజ్ఞ మీరినవాడికి మరణశిక్ష, దేశబహిష్కారం, జప్తు, చెర విధించే అధికారం అందులో ఉన్నాయి.

కొన్నాళ్లకు అధికారులు కొందరు వచ్చి అతనికి ఓ మాట చెప్పారు. ప్రజలు, యాజకులు, ఆలయ సేవ చేసే లేవీయులు చుట్టుపక్కల జాతుల ఆడపిల్లలను చేసుకున్నారు, తమ కొడుకులకూ చేశారు, ఈ పనిలో పెద్దలే ముందున్నారు అని. ఆ మాట విని ఎజ్రా పై వస్త్రం చింపుకున్నాడు. తల వెంట్రుకలు, గడ్డం వెంట్రుకలు పీక్కున్నాడు. సాయంకాలపు బలి వేళ వరకు దిగ్భ్రాంతితో కూర్చుండిపోయాడు. తర్వాత మోకరించి చేసిన ప్రార్థనలో ఎవరినీ వేలెత్తి చూపలేదు. తాను ఏ తప్పూ చేయకపోయినా ‘మేము’ అంటూ సిగ్గుపడ్డాడు. ఒకసారి ఇలాంటి తప్పులవల్లే దేశం పోగొట్టుకున్నాం, దేవుడు దయతలచి మిగిల్చిన ఈ కొద్దిమందీ పోతే ఇక ఏం మిగులుతుందన్నది ఆ ప్రార్థన సారం.

ఇక్కడ ఆగి గమనించాల్సింది ఉంది. మరణశిక్ష వేసే అధికారం చేతిలో ఉన్న మనిషి ఆజ్ఞ జారీ చేయలేదు, ఏడ్చాడు. అతని చుట్టూ మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు గుమిగూడి వాళ్లూ ఏడ్చారు. పంపేద్దామన్న ప్రతిపాదన మొదట అతని నోటినుంచి రాలేదు. ఏలాము వంశస్థుడు, యెహీయేలు కొడుకు షెకన్యా లేచి, ఈ భార్యలను, వాళ్ల పిల్లలను పంపేస్తామని దేవునితో నిబంధన చేసుకుందామన్నాడు. తర్వాత బయటికొచ్చిన దోషుల జాబితాలో ఏలాము వంశం కింద ఒక యెహీయేలు పేరుంది. ఇద్దరూ ఒకరే అయితే, షెకన్యా తన తండ్రి ఇంటిమీదే తీర్పు కోరాడన్నమాట.

మూడు నెలల విచారణ

వానలో కూర్చున్న జనం, ఆ స్త్రీలను పంపేయాలన్న ఎజ్రా మాటకు గట్టిగా ఒప్పుకున్నారు. ఆ వెంటనే ఒక విన్నపం కూడా చేశారు. మేం చాలామందిమి, ఇది వానాకాలం, బయట నిలవలేం, ఒకటి రెండు రోజుల్లో తెమిలే పనీ కాదు అన్నారు. పెద్దలు అందరి తరఫునా విచారణకు కూర్చోవాలనీ, పరాయి స్త్రీలను చేసుకున్నవాళ్లు తమ ఊరి పెద్దలతో, న్యాయాధిపతులతో నిర్ణీత సమయాల్లో రావాలనీ కోరారు. ఆవేశంలో మొదలైన వ్యవహారం అలా ఒక సంఘం చేతికి, ఒక పద్ధతికి వచ్చింది.

వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. అశాహేలు కొడుకు యోనాతాను, తిక్వా కొడుకు యహజ్యా ఎదురు నిలిచారు. మెషుల్లాము, లేవీయుడైన షబ్బెతై వాళ్లను బలపరిచారు. భార్యలను పంపడాన్నే వాళ్లు కాదన్నారా, విచారణ పేరుతో జరిగే ఆలస్యాన్ని కాదన్నారా అన్నదానిపై పండితుల మధ్య వాదన ఉంది. ఏదైనా, అసమ్మతి పలికిన ఆ నాలుగు పేర్లను గ్రంథం దాచలేదు.

విచారణ పదో నెల మొదటి రోజున మొదలై, మరుసటి ఏడు మొదటి నెల మొదటి రోజుకు ముగిసింది. సరిగ్గా మూడు నెలలు. చివరికి సుమారు 110 మంది పేర్లతో జాబితా తేలింది. అందులో 17 మంది యాజకులు. లేవీయులు, గాయకుడు, ద్వారపాలకులు కలిసి 10 మంది. మిగిలినవాళ్లు సామాన్యులు. ప్రధాన యాజకుడు యేషూవ వంశంవారైతే భార్యలను పంపేస్తామని చేయి వేసి ఒప్పుకుని, చేసిన అపరాధానికి పొట్టేలును బలి ఇచ్చారు.

మగవాడి తప్పుకు పొట్టేలు ప్రాయశ్చిత్తం అయింది. ఆ పెళ్లిలో రెండో మనిషికి ఏ ప్రాయశ్చిత్తమూ లేదు. ఆమెను ఎవరూ పిలవలేదు, అడగలేదు. మా దేవుడిని కొలుస్తావా అని ప్రశ్నించినట్టు కూడా లేదు. 110 మంది మగవాళ్ల పేర్లు, తండ్రుల వంశాలతో సహా, ఈనాటికీ చదవగలం. ఆ భార్యల్లో ఒక్కరి పేరు లేదు. పిల్లలు ఎందరో లేదు. పుట్టిళ్లకు వెళ్లారో, దారి పట్టారో లేదు. ఆ అధ్యాయంలో చివరి వాక్యం హెబ్రీ మూలంలో తెగిపోయినట్టు ఉంటుంది. కొందరికి పిల్లలు కూడా ఉన్నారన్నంత వరకే అర్థమవుతుంది. అదే కథను గ్రీకులో చెప్పే మరో పాత గ్రంథం మాత్రం పిల్లలతో సహా పంపేశారని తేల్చి చెబుతుంది.

భయం వెనక భూమి

వేలమందిలో 110 పెళ్లిళ్లు. ఇంతమాత్రానికే ఒక సమాజం ఇంతగా వణికిందా? భయం ఉత్తదే అనుకుంటే ఆనాటి మనుషులకు అన్యాయం చేసినట్టే. ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలు ప్రజలను అష్షూరు రాజులు క్రీ.పూ. 8వ శతాబ్దంలో చెల్లాచెదురు చేశాక, వాళ్లలో చాలామంది ఇతర జనాల్లో కలిసిపోయారు. తమకూ ఆ గతి పడుతుందన్న దిగులు యూదులకు ఉంది. ఇతర జాతులతో వియ్యమందితే పిల్లలు వేరే దేవతల వెంట పోతారని ద్వితీయోపదేశకాండం హెచ్చరించింది. అమ్మోనీయులను, మోయాబీయులను సమాజంలో చేర్చుకోరాదని అదే గ్రంథం మరోచోట అంది. అయితే ఐగుప్తీయుల మూడో తరాన్ని చేర్చుకోవచ్చని కూడా అంది. ఎజ్రా దగ్గరికి వచ్చిన అధికారులు ఈ తేడాలన్నీ చెరిపేసి, ఐగుప్తీయులను కూడా అదే వరుసలో కలిపేశారు. పాత శాస్త్రం పెట్టిన గీత కన్నా ఈ తరం పెట్టుకున్న గీత బిగువైంది.

మరో కారణం భూమి. చెర నుంచి వచ్చినవాళ్ల తాతల పొలాలు ఐదారు దశాబ్దాలుగా ఇతరుల సాగులో ఉన్నాయి. సమాజంలో సభ్యత్వం, ఆలయంలో స్థానం, భూమి మీద హక్కు ఒకదానికొకటి ముడిపడ్డాయి. సభకు రానివాడికి ఆస్తి జప్తు, వెలి రెండూ కలిపి వేయడంలోనే ఆ ముడి కనిపిస్తుంది. పరాయి ఇంటి ఆడపిల్ల ద్వారా ఆస్తి చేయి దాటిపోతుందన్న బెంగ ఈ గొడవ వెనక ఉందని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. అసలు ఆ ‘పరాయి’ స్త్రీలలో కొందరు చెరకు పోకుండా అక్కడే ఉండిపోయిన యూదుల ఆడపడుచులే కావచ్చని కూడా కొందరంటారు.

ఇలాంటి కంచె కట్టుకున్నది యూదులు ఒక్కరే కాదు. దాదాపు అదే కాలంలో, క్రీ.పూ. 451లో, ఏథెన్స్ నగరం పెరిక్లీసు ప్రతిపాదనపై చట్టం చేసింది. తల్లిదండ్రులిద్దరూ ఏథెన్స్‌వాళ్లైతేనే పౌరసత్వం. తర్వాత పెరిక్లీసు మిలేటస్ నుంచి వచ్చిన అస్పాసియాతో కాపురం చేశాడు. చట్టబద్ధమైన కొడుకులు మహమ్మారిలో చనిపోయాక, ఆమెకు పుట్టిన కొడుకు కోసం నగరాన్ని మినహాయింపు అడిగాడు. ఇచ్చారు. యెరూషలేములోని ఆ పేరులేని తల్లులకు అలాంటి మినహాయింపు అడిగే పలుకుబడి లేదు.

నెహెమ్యా కోపం

క్రీ.పూ. 445లో అధిపతిగా వచ్చిన నెహెమ్యాకూ ఇదే సమస్య ఎదురైంది. మూడు నెలల విచారణతో పెళ్లిళ్లు ఆగలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. అష్డోదు, అమ్మోను, మోయాబు స్త్రీలను చేసుకున్న ఇళ్లలో సగం మంది పిల్లలు యూదుల భాష మాట్లాడలేకపోవడం అతను విన్నాడు. ఎజ్రా తన వెంట్రుకలు పీక్కుంటే, నెహెమ్యా తప్పు చేసినవాళ్ల వెంట్రుకలు పీకాడు. శపించాడు, కొందరిని కొట్టాడు. ఇకమీదట పిల్లనివ్వం, తీసుకోం అని ఒట్టు పెట్టించాడు. ఉన్న భార్యలను పంపేయమని మాత్రం అతను ఆజ్ఞాపించినట్టు లేదు.

అతని కోపంలో రాజకీయం కూడా ఉంది. గోడ పనిని అడ్డుకోవాలని చూసిన అమ్మోనీయుడు టోబీయా యెరూషలేము పెద్ద కుటుంబాలకు అల్లుడు, వియ్యంకుడు. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు ఆలయంలోనే అతనికి గది ఇచ్చాడు. నెహెమ్యా ఆ సామానంతా బయట పారవేయించాడు. ఎల్యాషీబు మనవడొకడు సమరయ నాయకుడు సన్బల్లటుకు అల్లుడైతే, అతన్ని ఊళ్లోంచి తరిమేశాడు.

క్రీ.శ. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫసు ఇలాంటి కథనే వేరే కాలానికి జరిపి చెప్పాడు. సన్బల్లటు కూతుర్ని వదలలేక వెళ్లిపోయిన యాజకుడి కోసం గెరిజీము కొండమీద ఆలయం కట్టించారని అతను రాశాడు. తవ్వకాల్లో ఆ కొండమీద క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి ఆలయ ఆనవాళ్లు బయటపడ్డాయి. యూదులు, సమరయులు ఒకే ధర్మశాస్త్రాన్ని చదువుతూ రెండు ప్రజలుగా విడిపోయారు. వెలివేసినచోట చీలిక తప్పలేదు.

నైలు దీవిలో ఒక పెళ్లి పత్రం

ఇంకో యూదు సమాజం అదే కాలంలో వేరే దారిన నడిచింది. ఐగుప్తు దక్షిణ కొసన, ఇప్పటి అస్వాన్ దగ్గర, ఎలిఫెంటైన్ అనే నైలు నది దీవిలో పారసీకుల కొలువులోని యూదు సైనికులు కుటుంబాలతో ఉండేవారు. వాళ్లకు అక్కడే సొంత ఆలయం ఉంది. ఆ ఆలయ సేవకుడు అనన్యా క్రీ.పూ. 449లో తమెత్ అనే ఐగుప్తు స్త్రీని పెళ్లాడాడు. ఆమె మెషుల్లాము అనే యూదుడి ఇంట్లో దాసి. అరమేయిక్ భాషలో పపైరస్ మీద రాసిన వాళ్ల పెళ్లి పత్రం ఇప్పటికీ ఉంది. విడాకులు కోరే హక్కు ఇద్దరికీ ఉందని అందులో రాశారు. తర్వాత అనన్యా ఇంట్లో కొంత భాగం ఆమె పేర రాసిచ్చాడు. క్రీ.పూ. 427లో మెషుల్లాము ఆమెను, ఆమె కూతురు యెహోయిష్మాను దాస్యం నుంచి విడిపించాడు.

అమెరికా సేకర్త చార్లెస్ ఎడ్విన్ విల్బర్ ఈ పత్రాలను 1893లో కొన్నాడు. ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉండిపోయి, చివరికి బ్రూక్లిన్ మ్యూజియానికి చేరి, 1953లో అచ్చయ్యాయి. యెరూషలేములో యాజకుల ఇళ్లనుంచి భార్యలను పంపిన ఆ తరంలోనే, నైలు దీవిలో ఆలయ సేవకుడి ఐగుప్తు భార్యకు పేరుంది, ఇల్లుంది, హక్కు రాసిన కాగితం ఉంది. ఇదీ యూదుల చరిత్రే.

ఆ దీవి సమాజం నిలవలేదన్నదీ నిజం. క్రీ.పూ. 410లో వాళ్ల ఆలయాన్ని పక్కనున్న ఐగుప్తు దేవాలయపు పూజారులు, సైనికులు కలిసి కూల్చారు. కొన్నేళ్లకు ఆ యూదుల జాడ కూడా లేకుండా పోయింది. ఎజ్రా భయం ఊరికే పుట్టలేదని వాదించేవాళ్లకు ఇది ఆధారం. కానీ ఆ దీవి ఆలయాన్ని కూల్చింది తమెత్ లాంటి కోడళ్లు కాదు. ఆయుధాలు పట్టిన పొరుగువాళ్లు.

అదే బైబిల్లో మోయాబు కోడలు

యూదులు తమ పవిత్ర గ్రంథాల్లో ఎజ్రా ఒక్కడి మాటనే ఉంచుకోలేదు. మోషే మిద్యాను స్త్రీ సిప్పోరాను, యోసేపు ఐగుప్తు యాజకుడి కూతురు ఆసెనతును చేసుకున్న సంగతులను వాళ్లు చెరపలేదు. పరాయి దేవత పిల్లను చేసుకోవడాన్ని తప్పుపట్టిన మలాకీ ప్రవక్త, అదే అధ్యాయంలో యౌవనంలో పెళ్లాడిన భార్యకు ద్రోహం చేయడాన్నీ తప్పుపట్టాడు. యెహోవాను ఆశ్రయించిన అన్యుడు తనను వెలివేస్తారని భయపడనక్కర్లేదని యెషయా గ్రంథం 56వ అధ్యాయం ధైర్యం చెప్పింది.

వీటన్నిటికన్నా గట్టి జవాబు రూతు. చేర్చుకోరాదన్న మోయాబు జాతి పిల్ల. భర్త పోయినా అత్త నయోమిని వదలక బేత్లెహేముకు వచ్చింది. కోతపొలాల్లో పరిగె ఏరి అత్తను పోషించింది. బోయజు ఆమెను పెళ్లాడాడు. ఆమె కన్న ఓబేదు, దావీదు రాజుకు తాత. ఈ గ్రంథం ఎజ్రా కాలంలోనే అతనికి ఎదురుగా రాశారని కొందరు పండితులు, అంతకన్నా పాతదని మరికొందరు అంటారు. ఎప్పుడు రాసినా, యూదులు ఈనాటికీ ధర్మశాస్త్రం అందుకున్న పండుగైన షావుఓత్ రోజున రూతు గ్రంథాన్ని చదువుతారు.

తర్వాతి శతాబ్దాల్లో యూదు మత గురువులైన రబ్బీలు ఎజ్రా పెట్టిన సరిహద్దును తీసేయలేదు. దానికొక వాకిలి పెట్టారు. యూదు ధర్మాన్ని స్వీకరించి లోపలికి రావడానికి ఒక పద్ధతి ఏర్పడింది. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో యూదా అనే అమ్మోనీయుడు పాఠశాలకు వచ్చి, నన్ను చేర్చుకుంటారా అని అడిగాడని రబ్బీల ధర్మ సంకలనమైన మిష్నా చెబుతుంది. శాస్త్రం ఒప్పుకోదన్నాడు రబ్బాన్ గమలీయేలు. అష్షూరు రాజు సన్హెరీబు ఏనాడో జాతులన్నిటినీ కలగాపులగం చేశాడు, ఇవాళ ఎవరు అమ్మోనీయుడో ఎలా చెబుతావన్నాడు రబ్బీ యెహోషువ. యెహోషువ మాట నెగ్గింది. ఆ మనిషిని చేర్చుకున్నారు. ఇక నిషేధం మోయాబు మగవాళ్లకే గానీ ఆడవాళ్లకు కాదని రబ్బీలు తేల్చి, రూతుకు పూర్తి గౌరవం దక్కేలా చేశారు.

ఈనాటికి మిగిలిన సమరయులు 800కు పైచిలుకు. వందల ఏళ్లు బయటివాళ్లను చేసుకోకుండా ఉన్న ఆ చిన్న సమాజంలో కూడా, ఇటీవలి దశాబ్దాల్లో, తమ ఆచారాలు పాటిస్తానన్న పరాయి స్త్రీలను యువకులు పెళ్లాడుతున్నారు. సమాజం వాళ్లను ఇంటి కోడళ్లుగా లెక్కిస్తోంది.

ఎజ్రాను క్రూరుడని తేలిగ్గా కొట్టేయకూడదు. అతను కాపాడాలనుకున్నది నిజంగానే ప్రమాదంలో ఉంది. అతను ప్రజలకు చదివి వినిపించి, నేర్పించిన ధర్మశాస్త్రమే తర్వాత దేశం లేని వేల ఏళ్లలో యూదులను ఒక్కటిగా నిలిపింది. కానీ ఆ డిసెంబరు తీర్మానం తప్పు. తన ఉనికి కోసం ఒక సమాజం చెల్లించాల్సిన వెలను, మాట్లాడే వీలే లేనివాళ్ల చేత కట్టించింది. యూదులను నిలబెట్టింది పిల్లలకు చదువు చెప్పడం, పండుగలు పాటించడం, వచ్చినవాళ్లకు దారి చూపడం. ఆ తల్లులను పంపేయడం వల్ల పెళ్లిళ్లు కూడా ఆగలేదు.

ఎజ్రా పదో అధ్యాయాన్ని చేతబట్టి, బయటి పిల్లను కోడలిగా ఒప్పుకోవద్దని చెప్పే పెద్దలు మన మధ్య కూడా ఉన్నారు. వాళ్లకు ఒక్కటే మనవి. ఆ అధ్యాయం చదివిన రోజే రూతు గ్రంథం కూడా చదవండి. నాలుగే అధ్యాయాలు. అరగంట చాలు.